షాడీ రగ్గును గుర్తుపట్టడం, షాడీ అనే మాటను సరిగ్గా వాడడం

నిఘంటువు తెరిస్తే షాడీ అనే ఇంగ్లీషు మాటకు నాసిరకం, చవకబారు, నాణ్యత లేనిది అని అర్థాలు కనిపిస్తాయి. పానిపట్టు వ్యాపారులు మాత్రం అదే మాటను బిల్లు మీద దర్జాగా రాస్తారు. షాడీ దారం ఇన్ని కిలోలు, షాడీ రగ్గులు ఇన్ని బేళ్ళు అని. సొంత సరుకును తిడుతూ బిల్లు రాసే వ్యాపారి లోకంలో ఉండడు. అక్కడ అది కేవలం సరుకు పేరు, పాత ఉన్ని గుడ్డలను చీల్చి తీసిన పీచుకు పేరు. మాది సికింద్రాబాదులో రగ్గుల టోకు వ్యాపారం. నాకు ఆ మాట ముందు సరుకు పేరుగానే పరిచయం, తిట్టుగా తర్వాత తెలిసింది. ఇంగ్లీషు పాఠాలు చెప్పే మా మేనల్లుడు ఒకసారి ఆ బిల్లు చూసి, "ఇదేమిటి మామయ్యా, వీళ్ళను వీళ్ళే తిట్టుకుంటున్నారు?" అని నవ్వాడు. నిజానికి ఆ మాటను అది పుట్టినప్పటి అర్థంలో ఇప్పటికీ వాడుతున్నది వాళ్ళే.

చలికాలంలో పేదలకు పంచడానికి వంద రగ్గులు కొనాలనుకునేవారికీ, వ్యాసంలోనో ఉత్తరంలోనో షాడీ అన్న మాటను సరిగ్గా వాడాలనుకునేవారికీ కలిపి ఇది రాస్తున్నాను. ఇద్దరూ అడగవలసిన ప్రశ్న ఒకటే: దీన్ని ఏమని చెప్పి అమ్ముతున్నారు?

మాట పుట్టిన ఊరు

ఇంగ్లండులోని యార్క్‌షైర్ పశ్చిమ భాగంలో బాట్లీ అనే ఊరుంది. అక్కడ 1813లో బెంజమిన్ లా అనే ఉన్ని బట్టల వ్యాపారి పాత ఉన్ని గుడ్డలను చీల్చి, పీచు పీచు చేసి, దానికి కొంత కొత్త ఉన్ని కలిపి మళ్ళీ దారం వడికించే పద్ధతిని కనిపెట్టాడని చెబుతారు. అవి నెపోలియన్ యుద్ధాల రోజులు. సైన్యాలకు ఉన్ని బట్ట కావాలి, ఉన్నికేమో కొరత. ఎవరూ పట్టించుకోని చింకి గుడ్డల నుంచి ఆయన ముడిసరుకు తీశాడు. బాట్లీ, పక్కనే ఉన్న డ్యూస్‌బరీ ఈ పరిశ్రమతోనే పెరిగాయి. ఐరోపా నలుమూలల నుంచీ పాత గుడ్డల మూటలు ఓడల్లో, రైళ్ళలో వచ్చి దిగేవి. రైల్వే స్టేషను పక్కనే వాటికి వేలంపాటలు జరిగేవి.

ఆ సరుకులో రెండు రకాలుండేవి. అల్లిన బట్టలు, మేజోళ్ళు, ఫ్లానెల్ వంటి మెత్తని గుడ్డల నుంచి తీసిన పీచు షాడీ. దర్జీ కత్తిరింపులు, బాగా గట్టిపరిచిన కోటుగుడ్డల నుంచి తీసినది మంగో. మంగో పీచు మరీ పొట్టిగా ఉంటుంది. ఈ మంగో అన్న పేరుకు ఒక కథ ప్రచారంలో ఉంది. ఆ గట్టి గుడ్డలు యంత్రంలోకి పోవడం లేదని పనివాడు అన్నాడట. "పోయి తీరాలి" అని మేస్త్రీ యార్క్‌షైర్ యాసలో కసిరాడట. ఆ యాసలో "తీరాలి" అన్నదానికి "మన్", "పోవడం" అన్నదానికి "గో". రెండూ కలిసి మన్‌గో, అదే మంగో అయిందట.

కథ వినడానికి బాగుంది. అందుకే నమ్మను. మాటల పుట్టుక వెతకాలనుకునేవారికి నేను చెప్పే మొదటి సూత్రం ఇదే. ఒక ఊరు, ఒక మేస్త్రీ, ఒక కసురు, వెంటనే ఒక మాట పుట్టిందంటే అనుమానించండి. మాటలు సాధారణంగా అలా పుట్టవు. చాలాకాలం నోళ్ళలో నలిగాక ఎవరో కాగితం మీద పెడతారు.

షాడీ విషయంలో కాగితం ఏం చెబుతుందో చూడండి. నామవాచకంగా, అంటే సరుకు పేరుగా, అది 1832 నాటికే అచ్చులో కనిపిస్తుంది. విశేషణంగా, అంటే నాసిరకం అన్న అర్థంలో, 1862లో కనిపిస్తుంది. అసలు ధాతువు ఏమిటన్నది నిఘంటుకారులు తేల్చలేదు. రాలడం, విడిపోవడం అనే అర్థాలున్న ‘షెడ్’ అనే క్రియతో చుట్టరికం ఉండవచ్చని కొందరి ఊహ. వడికేటప్పుడు రాలిపడే పీచు కనుక ఆ ఊహ అతుకుతుంది, కానీ అది ఊహగానే మిగిలింది. నా మట్టుకు నాకు ఆ ధాతువు మీద పెద్ద ఆసక్తి లేదు. 1832కూ 1862కూ మధ్య ఏం జరిగిందన్నదే అసలు సంగతి. ఏ మాట పుట్టుకనైనా వెతికేటప్పుడు రెండు తేదీలు పక్కపక్కన రాసుకోండి, వస్తువు పేరుగా వచ్చిన తేదీ, గుణం పేరుగా మారిన తేదీ. ఆ నడిమి ఏళ్ళలో చరిత్ర పుస్తకం తెరవండి. సగం పని అక్కడే అవుతుంది.

పేరు చెడిన ముప్పై ఏళ్ళు

గుడ్డలను చీల్చే యంత్రాన్ని బాట్లీలో దయ్యం అనేవారు. ఇనుప పళ్ళు దిగగొట్టిన పెద్ద పీపా గిర్రున తిరుగుతుంది, దాని నోటికి గుడ్డలు అందిస్తారు, అవతల పీచు ఎగిరిపడుతుంది. దాంతోపాటు లేచే ధూళికి ‘దయ్యపు దుమ్ము’ అని పేరు. ఆ దుమ్ము పీల్చిన పనివాళ్ళకు వచ్చే జ్వరానికి షాడీ జ్వరం అని పేరు. చివరకు ఆ పీచుతో నేసిన చవక బట్టను కూడా దయ్యపు దుమ్మనే పిలవసాగారు.

1842 మార్చిలో ఫెరాండ్ అనే పార్లమెంటు సభ్యుడు ఆ దయ్యపు దుమ్ముతో నేసిన బట్టను బ్రిటిష్ కామన్స్ సభకు పట్టుకొచ్చి, అందరూ చూస్తుండగా చేతులతో పీలికలుగా చింపాడు. మిల్లు యజమానులు మోసం చేస్తున్నారన్నది ఆయన ఆరోపణ. గమనించండి, పాత గుడ్డ వాడారన్నది అక్కడ నేరం కాదు, దాన్ని మంచి బట్టగా చలామణి చేశారన్నది నేరం.

ఆ తర్వాత అమెరికాలో అంతర్యుద్ధం వచ్చింది. 1861లో యుద్ధం మొదలయ్యేసరికి ఉత్తరాది ప్రభుత్వానికి ఒక్కసారిగా లక్షల మందికి దుస్తులు, కోట్లు, రగ్గులు కావలసివచ్చాయి. గుత్తేదారులు ఎగబడ్డారు. షాడీతో కుట్టిన దుస్తులు సైనికుల ఒంటిమీదికి చేరాయి. న్యూయార్క్ దళాలకు బ్రూక్స్ బ్రదర్స్ అనే పేరున్న దుస్తుల సంస్థ సరఫరా చేసిన సరుకు మీద పెద్ద గొడవే జరిగింది. 1864లో హార్పర్స్ మాసపత్రికలో వచ్చిన ఒక వ్యాసం షాడీని తిట్టిన తీరు చదివి తీరాలి. కొట్టులో ఊడ్చిన చెత్తను దంచి, దొర్లించి, జిగురుతో అంటించి, నునుపుచేసి బట్టలా మెరిపించిన దుర్మార్గపు మిశ్రమం అన్నది దాని సారాంశం. మొదటి కవాతులోనో, మొదటి వానలోనో ఆ దుస్తులు పీలికలైపోయాయని కూడా రాశారు.

ఆ గుత్తేదారులు రాత్రికి రాత్రి కోటీశ్వరులయ్యారు. వాళ్ళను జనం షాడీ దొరలని ఎగతాళి చేశారు. మాట బట్ట మీద నుంచి మనిషి మీదికి పాకింది అప్పుడే. ఖరీదైన గుర్రబ్బండి, కొత్తగా కట్టిన భవనం, లోపల మాత్రం సారం లేదు. మనవాళ్ళు పైన పటారం లోన లొటారం అంటారు కదా, సరిగ్గా ఆ భావంతోనే 1862లో షాడీ విశేషణమైంది. యుద్ధం ముగిశాక కూడా ఆ అర్థమే నిలిచింది. క్రమంగా నాసిరకం పనితనం దేనికైనా అది పేరైపోయింది.

ఇలా పేరు చెడిన మాట ఇదొక్కటే అనుకోకండి. ఇంగ్లండులోనే ఈలీ అనే పట్టణంలో ఎథెల్‌డ్రెడా అనే సన్యాసిని ఉండేది, 679లో కన్నుమూసింది. జనం నోట ఆమె పేరు ఆడ్రీ అయింది. ఆమె పేరిట జరిగే తిరునాళ్ళలో మెడకు కట్టుకునే పట్టు పట్టీలు అమ్మేవారు. సెయింట్ ఆడ్రీ లేసు అన్నది నోళ్ళలో నలిగి నలిగి టాడ్రీ అయింది. తిరునాళ్ళ సరుకు రానురాను చవకబారుదైంది. ఇప్పుడు టాడ్రీ అంటే తళుకులే తప్ప విలువ లేనిది అని అర్థం. ఆ అమ్మ ఏం పాపం చేసిందో.

వాడేటప్పుడు

షాడీని వాక్యంలో పెట్టేముందు ఒక్క పరీక్ష చేయండి. ఆ వస్తువును ఎవరైనా చేశారా? చేసినవాడికి శ్రద్ధ లేదా? అయినా అది బాగున్నట్టు చలామణి అవుతోందా? మూడింటికీ అవునంటే మాట సరిపోతుంది. ఏడాది తిరగకముందే గుంతలు పడిన రోడ్డు పని షాడీ. హడావిడిగా చేసిన అనువాదం షాడీ. కస్టమరుతో అడ్డదిడ్డంగా వ్యవహరించడాన్ని కూడా అలా అనవచ్చు. పుచ్చిపోయిన వంకాయ షాడీ కాదు, దాన్ని ఎవరూ నిర్లక్ష్యంగా తయారుచేయలేదు. పేదవాడి ఇల్లు షాడీ కాదు, అది ఏమీ నటించడం లేదు. మన పత్రికల్లో వచ్చే "నాసిరకం పనులు" అన్న శీర్షిక చాలా సందర్భాల్లో దీనికి సరిపోతుంది. నాసిరకం అన్నది సరుకు గురించి మాత్రమే చెబుతుంది, షాడీలో మాత్రం చేసినవాడి మీద కూడా చిన్న నింద ఉంటుంది.

ఇంకొక జాగ్రత్త. షేడీ అని మరొక మాట ఉంది. చీకటి వ్యవహారాలు చేసేవాడు, నమ్మదగనివాడు అని దాని అర్థం. మనవాళ్ళు ఈ రెంటినీ తరచూ కలిపేస్తారు. గుత్తేదారు షేడీ, అతను కట్టిన గోడ షాడీ అని గుర్తుపెట్టుకుంటే చాలు. రెండూ ఒకే చోట నిజమయ్యే సందర్భాలకు మన దగ్గర కొదవేమీ లేదు.

ఇక రగ్గు

మనకు పానిపట్టు అనగానే యుద్ధాలే గుర్తొస్తాయి, 1526, 1556, 1761 అని బడిలో బట్టీపట్టినవాళ్ళం. హర్యానాలోని ఆ ఊరు ఈ రోజు పాత ఉన్ని దుస్తులను మళ్ళీ దారంగా మార్చే పనికి ప్రపంచంలోనే పేరున్న కేంద్రాల్లో ఒకటి. చలిదేశాల్లో వాడి వదిలేసిన స్వెట్టర్లు, కోట్లు కాండ్లా వంటి రేవుల్లో దిగి అక్కడికి చేరతాయి. వాటిని ఇక్కడ తిరిగి తొడుక్కోవడానికి అమ్మకుండా, ముందే అడ్డంగా కోసి పంపాలన్నది దిగుమతి నిబంధన. గోదాములో ఆడవాళ్ళు కింద కూర్చుని, కత్తిపీటలాగా నిలబెట్టిన కత్తి మీద బొత్తాలు, జిప్పులు, లేబుళ్ళు కోసి తీసేస్తారు. తర్వాత గుడ్డలను రంగుల వారీగా కుప్పలు పోస్తారు. ఎరుపు ఒక పక్క, నీలం ఒక పక్క, ముదురు రంగులన్నీ మరో పక్క. దారానికి మళ్ళీ రంగు అద్దే ఖర్చు తప్పించుకోవడానికే ఈ ఏర్పాటు. ఆ తర్వాత చీల్చడం, ఏకడం, వడకడం, నేయడం, చివరగా ముళ్ళ రోలర్ల మీద రగ్గును నడిపించి నూగు లేపడం. బాట్లీలో జరిగిన పనే ఇదీ, కొద్ది తేడాలతో.

వరదలప్పుడు, భూకంపాలప్పుడు సహాయ శిబిరాల్లో పంచే ముదురు బూడిదరంగు రగ్గుల్లో చాలా భాగం ఏళ్ళ తరబడి ఈ రకమే. ఈమధ్య పాలియెస్టర్ మింక్ రగ్గులు మార్కెట్టును కమ్మేశాయి కానీ, టోకున కిలోల లెక్కన కొనేవారికి షాడీ ఇంకా దొరుకుతుంది.

దీన్ని గుర్తుపట్టడానికి ఫెరాండ్‌లా రగ్గు మొత్తం చింపనక్కర్లేదు. ఒక్క పోగు చాలు.

రగ్గు అంచున పేక పోగు, అంటే అడ్డంగా నడిచే పోగు, ఒకటి పట్టుకుని జానెడు లాగండి. పొడవునా నడిచే పడుగు పోగు లాగితే పని జరగదు, ఎందుకంటే షాడీకి బలం తక్కువ కనుక పడుగు తరచూ నూలుదో పాలియెస్టర్‌దో అయివుంటుంది, అసలు సరుకు పేకలో ఉంటుంది. ఆ పోగును ఎండలోకి తీసుకెళ్ళి, తెల్ల కాగితం మీద పెట్టి, పురి ఉన్న దిశకు ఎదురుగా మెల్లగా తిప్పండి. పురి విడిపోగానే పోగు ఉబ్బుతుంది. దూరం నుంచి బూడిదరంగులో కనిపించినదానిలో ఇప్పుడు చిన్న ఎర్ర పీచు ఒకటి, ఆకుపచ్చ ఒకటి, ఎవరి స్వెట్టరులోదో పసుపు ఒకటి, మెరిసే నైలాన్ వెంట్రుక ఒకటి కనిపిస్తాయి. రెండు గోళ్ళతో ఒక్కొక్క పీచునూ విడదీసి కొలవండి. చిటికెన వేలి గోరంత పొడవు కూడా లేనివి చాలా ఉంటాయి. యంత్రపు పళ్ళ కింద తెగిన పీచు అది. కొత్త ఉన్నిలో అంత పొట్టి పీచు ఇంత మోతాదులో ఉండదు, ఇన్ని రంగులూ ఉండవు.

పోల్చడానికి ఒక నమూనా దగ్గర పెట్టుకోండి. మన కురుమలు నేసే గొంగడి నుంచి ఒక పోగు అడిగి తెచ్చుకుంటే అంతకంటే మంచి నమూనా ఉండదు. దక్కనీ గొర్రె నల్ల ఉన్ని అది, బిరుసుగా, పొడవుగా, ఒకే రంగులో ఉంటుంది. పడుగుకు చింతగింజల గంజి పెడతారు కనుక కొత్త గొంగడి అట్టలా నిలబడుతుంది. ఆ పోగునూ రగ్గు పోగునూ పక్కపక్కన విప్పి చూస్తే ఇంకెవరూ ఏమీ చెప్పనక్కర్లేదు.

రెండో పరీక్ష నిప్పు. ఆరుబయట, పక్కన నీళ్ళ గిన్నె పెట్టుకుని, పట్టకారుతో చిన్న పోగు పట్టుకుని అంటించండి, పిల్లలను దూరంగా ఉంచండి. ఉన్ని అయితే జుట్టు కాలిన వాసన వస్తుంది, మంట తీయగానే తనంతట తనే ఆరిపోతుంది, మిగిలిన నల్లబూడిద వేళ్ళ మధ్య పొడైపోతుంది. నూలు కాగితంలా మండి మెత్తటి బూడిద అవుతుంది. పాలియెస్టర్, నైలాన్ కరిగి ముద్దకట్టి గట్టి పూసగా మిగులుతాయి. మన బజారులో కాష్మిలాన్ పేరుతో చలామణి అయ్యే యాక్రిలిక్ నల్లపొగతో చురుగ్గా మండి వంకర పూసగా గట్టిపడుతుంది. షాడీలో ఇవన్నీ కలగాపులగంగా వస్తాయి, అంటే జుట్టు వాసన వస్తుంది, బూడిదను నలిపితే మధ్యలో గట్టి గుళికలు తగులుతాయి. అది చాలు గుర్తుపట్టడానికి, ఏది ఎంత శాతమన్నది మాత్రం నిప్పు చెప్పదు.

శాతం ఉజ్జాయింపుగా తెలియాలంటే బ్లీచు పరీక్ష చేయండి. బట్టలు తెల్లబరచడానికి అమ్మే సోడియం హైపోక్లోరైట్ ద్రవాన్ని గాజు గ్లాసులో పోసి, చిన్న పోగుల కట్టను అందులో వేసి రాత్రంతా వదిలేయండి. అది ఉన్నిని కరిగించేస్తుంది. నూలు, పాలియెస్టర్, యాక్రిలిక్ అలాగే మిగులుతాయి, కనుక ఎంత కరిగిందో అదే ఉన్ని పాలు. తెల్లవారి గ్లాసులో కట్ట అంతా అలాగే కనిపిస్తే మీకు ఉన్ని పేరుతో వేరేది అమ్మారు. చేతులకు తొడుగులు వేసుకోండి, కిటికీ తెరవండి. బాత్‌రూము కడిగే ఆమ్లాన్ని మాత్రం దాని దరిదాపుల్లోకి రానివ్వకండి, రెండూ కలిస్తే విషవాయువు పుడుతుంది.

తూకం దగ్గర జరిగే మాయ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే డబ్బు పోయేది అక్కడే. టోకు రగ్గు ధర కిలోల్లో ఉంటుంది. ఉన్నికి ఒక గుణం ఉంది. తన బరువులో దాదాపు మూడో వంతు దాకా తేమ పీల్చుకుని కూడా చేతికి తడిగా అనిపించదు. కనుక తేమ గోదాములో రెండు రోజులు ఉంచిన బేలు బరువు పెరుగుతుంది, నీళ్ళకు కూడా మీరే డబ్బు కడతారు. అందుకని బేలు మధ్యలో నుంచి ఒక రగ్గు లాగి, ఒక పూట ఎండలో ఆరేసి, అప్పుడు తూచండి. పొడవు, వెడల్పు మీటర్లలో కొలిచి, గుణించి, గ్రాముల బరువును దాంతో భాగిస్తే జీఎస్‌ఎం, అంటే చదరపు మీటరుకు ఎన్ని గ్రాములో వస్తుంది. 60 అంగుళాల వెడల్పు, 90 అంగుళాల పొడవు ఉన్న రగ్గు ఇంచుమించు మూడున్నర చదరపు మీటర్లు. అది కిలోన్నర తూగితే జీఎస్‌ఎం 430 దరిదాపుల్లో ఉంటుంది. కాగితం మీద ఐదు వందలు రాసి, ఆరబెట్టాక ఇంత వస్తే ఆ అమ్మకందారుతో మాట్లాడవలసింది ఉంది.

మిగిలినవి చిన్న చిన్న పనులు. రగ్గును వెలుతురుకు ఎదురుగా పట్టి పలచబడిన చోట్లు చూడండి. ముదురు రంగు లుంగీ మీద పరిచి అరచేతితో గట్టిగా రుద్ది ఎంత నూగు రాలిందో చూడండి. ముక్కుకు దగ్గరగా పెట్టుకోండి. గుడ్డలను చీల్చే ముందు నూనె చల్లుతారు కనుక, సరిగ్గా ఉతకని సరుకు ఆ వాసన పట్టిస్తుంది. ఒకటి తీసుకెళ్ళి ఇంట్లో మామూలుగా ఉతికి ఆరేయండి. ఉతికాక తగ్గిన బరువు తొందరగా రాలిపోయే పీచుదీ నూనెదీ.

కొనాలా, వద్దా

షాడీ అని తేలగానే చీ అని వదిలేయకండి. చలి ఆపే పని అది బాగానే చేస్తుంది. ఉన్ని రగ్గు వెచ్చగా ఉండేది అందులో చిక్కుకున్న గాలి వల్ల, పీచు పాతదా కొత్తదా అన్నది గాలికి అక్కర్లేదు. పొట్టి పీచు వల్ల వచ్చే చిక్కంతా మన్నికలో ఉంది. ఉతికినకొద్దీ రాలిపోతుంది, రెండు మూడు చలికాలాల్లో పలచబడుతుంది. రైల్వే స్టేషను బయట పడుకునేవారికి ఈ చలికాలం గట్టెక్కడానికి ఇవ్వదలచుకుంటే, అదే డబ్బుకు ఎక్కువమందికి అందుతుంది కనుక షాడీయే నయం అని నేను మొహమాటం లేకుండా చెబుతాను. హాస్టలుకు, ఆసుపత్రికి, అంటే వారం వారం ఉతికే చోటుకు అయితే వద్దు. పసిపిల్లలకూ వద్దు, రాలే నూగు ముక్కుల్లోకి పోతుంది.

బాట్లీలో షాడీని చివరి నూగు దాకా వాడుకున్నారు. దారానికి పనికిరాని పీచును పొలాలకు ఎరువుగా అమ్మేవారు. ఉన్నిలో నత్రజని ఉంటుంది, అది నేలలో నెమ్మదిగా విడుదలవుతుంది. అదే యార్క్‌షైర్‌లోని వేక్‌ఫీల్డ్ చుట్టుపక్కల చీకటి కొట్టాల్లో పెంచే రూబార్బ్ అనే పుల్లని కాడల పంటకు షాడీ ఎరువు పేరుపొందింది. చెత్త అని తిట్టించుకున్న సరుకుకు ఇంతకంటే గౌరవమైన ముగింపు నాకు తెలియదు.

చూడవలసింది పేరు. అమెరికా 1940లో ఉన్ని లేబుళ్ళ చట్టం చేసి, పాత ఉన్ని వాడితే ఆ సంగతి లేబుల్ మీద రాయాలంది. రీప్రాసెస్డ్, రీయూజ్డ్ అని రెండు మాటలు పెట్టింది. 1980లో సవరించి రెంటినీ కలిపి రీసైకిల్డ్ అంది. సరుకు అదే. షాడీ అంటే మొహం తిప్పుకునేవారే రీసైకిల్డ్ ఉన్ని అంటే ఎక్కువ ధర పెట్టి కొంటున్నారు. ఇటలీలో ప్రాటో అనే పట్టణం తరతరాలుగా ఈ పనే చేస్తూ ఇప్పుడు గర్వంగా చెప్పుకుంటోంది. నాకు అందులో తప్పేమీ కనబడదు. పాత ఉన్నిని పాత ఉన్నిగా చెప్పి అమ్మినంతవరకు అది వ్యాపారం. లేబుల్ మీద ‘ప్యూర్ న్యూ వుల్’ అని ఉంటే మధ్యలోని ‘న్యూ’ అన్న మాటను వేలు పెట్టి చూసుకోండి, షాడీ కాదని హామీ ఇచ్చేది ఆ మాటే. ఉత్త ‘వుల్’ అని రాసి ఉంటే పోగు విప్పి చూడాల్సిందే.

ఆర్డరు ఇచ్చేటప్పుడు కొటేషనులో నాలుగు సంగతులు రాయించుకోండి: పడుగు ఏ దారం, పేక ఏ దారం, ఆరిన బరువు ఎంత, కొలతలు ఎంత. షాడీ అయితే షాడీ అనే రాయమనండి. నిజాయితీగల వ్యాపారి వెంటనే రాస్తాడు, నీళ్ళు నమిలేవాడి దగ్గర కొనకండి. తర్వాత, మీరు ఒప్పుకున్న నమూనా రగ్గును కత్తెరతో రెండుగా కోయించి, రెండు ముక్కల మీదా చెరగని సిరాతో ఇద్దరూ సంతకాలు చేసి, ఒకటి మీరు తీసుకెళ్ళండి. సరుకు దిగిన రోజు బేళ్ళ మధ్య నుంచి రగ్గు లాగి ఆ ముక్క పక్కన పరిచి, పోగు పోగుకూ సరిచూసుకున్న తర్వాతే మిగతా డబ్బు ఇవ్వండి.